కాకిని తిట్టినవి మాత్రమే

నాలుగు దాటినా ఎండ ఇంకా గోడ దిగలేదు. టీ గ్లాసు పట్టుకుని వరండాలో కూర్చోబోతుంటే గేటు చప్పుడైంది. మా వీధి చివర ఉండే మౌనిక. ఇక్కడే డిగ్రీ చదువుతోంది. నేను తెలుగు లెక్చరర్‌గా పనిచేసి రిటైరయ్యానని వాళ్ళమ్మ చెప్పి పంపిందట. చేతిలో ఫోను తప్ప కాగితమూ లేదు, కలమూ లేదు. నేను కూర్చోమనకముందే కూర్చుంది. “మేడమ్, మాకు జానపదం మీద ప్రాజెక్టు ఇచ్చారు. పాటలో, కథలో, పొడుపు కథలో, ఏదో ఒక రకం ఎంచుకుని మన ఊళ్ళో పోగుచేసి తెమ్మన్నారు. బేగి అయిపోయే రకం ఏదైనా ఉంటే చెప్పండి మేడమ్, సోమవారం ఇచ్చేయాలి,” అంది. కిరాణా కొట్లో నిలబడి బేగి ఉడికే కందిపప్పు ఏదని అడిగినట్టు అడిగింది. నాకు ఒళ్ళు మండింది. మండినా తిట్టే హక్కు నాకు లేదు. సరిగ్గా ఇదే ప్రశ్న పట్టుకుని నేనూ ఒక వేసవంతా ఈ నర్సీపట్నంలో కనపడిన గుమ్మమల్లా ఎక్కి దిగాను. ప్రతివాళ్ళ చేతా చీవాట్లు తిని, చివరికి మా ఇంట్లోనే నిప్పు పెట్టినంత పని చేశాను. ఆ సంగతి చెబితే ఈ పిల్ల సోమవారం ప్రాజెక్టు ఎలాగూ ఇవ్వలేదు. అయినా చెప్పడం మొదలుపెట్టాను. ఆ చెప్పిందే ఇప్పుడు కాస్త కుదురుగా ఇక్కడ రాస్తున్నాను.

అప్పటికి నేను ఎమ్మే మొదటి ఏడాది పూర్తిచేసి సెలవులకు ఇంటికొచ్చాను. మా చుట్టాలందరిలో యూనివర్సిటీ గడప తొక్కిన మొదటి ఆడపిల్లనని మా నాన్న కనపడిన ప్రతివాళ్ళకీ చెప్పేవారు. చెప్పి, ఆ వెంటనే, “ఇంకో ఏడాది చదివించాలా మానిపించాలా అని ఆలోచిస్తున్నానండి,” అని కూడా అనేవారు. ఈ రెండో మాట అవసరమా అని నేను పళ్ళు కొరుక్కునేదాన్ని. సెలవులిచ్చే ముందు మా మాస్టారు క్లాసులో బల్ల మీద కొట్టి మరీ చెప్పారు. “అచ్చయిన పుస్తకంలోది నాకొద్దు. మీ ఇంటి చుట్టుపక్కల ఇప్పటికీ నోళ్ళలో ఆడుతున్నదేదో అది పట్టుకు రండి. ఒక్క రకం చాలు. ఏ రకం ఎంచుకున్నారన్న దాంట్లోనే మీ తెలివి తెలిసిపోతుంది,” అన్నారు. ఆయనకేం, చెప్పేసి ఆయన సెలవుల మీద ఆయన వెళ్ళిపోయారు. ఎలమంచిలి స్టేషన్లో రైలు దిగి, కిక్కిరిసిన బస్సులో నిలబడి ఊరికొస్తూ, రకానిదేముంది, ఇంటికెళ్ళగానే ఏదో ఒకటి కాళ్ళకి తగులుతుందిలే అనుకున్నాను.

ఇల్లంటే పెంకుటిల్లు, వెనక పెద్ద పెరడు. వేసవొస్తే ఆ పెరట్లోంచి ఒకదాని మీద ఒకటిగా వాసనలు వచ్చేవి. కొత్త చింతపండు పులుపు, ఆవపిండి ఘాటు, ఎవరి దొడ్లోనో జీడిపిక్కలు కాలుస్తున్న పొగ, వీటన్నిటి మీదా మా పైడమ్మత్త చుట్ట కంపు. పైడమ్మత్త మా నాన్నకి అప్ప, అంటే అక్క. చిన్నతనంలోనే మొగుడు పోయి, రోలుగుంట అవతల ఉన్న అత్తవారి పల్లె నుంచి తమ్ముడి పంచన చేరింది. మా నాన్న బడిపంతులై నర్సీపట్నం వచ్చినప్పుడు తనూ వచ్చింది. మా వైపు పల్లెల్లో పెద్దాడవాళ్ళు కాల్చినట్టే అత్త కూడా నిప్పున్న కొసని నోట్లోకి పెట్టుకుని అడ్డపొగ తాగేది. నోట్లో నిప్పు పెట్టుకున్న మనిషి నోట్లోంచి ఇంకేం వస్తాయి? పొద్దున్న లేచింది మొదలు తిట్లు. మా అత్త తిట్టేదంటే ఎవరి మీదో పగబట్టి అని కాదు. ఇంకో ఇంట్లో రేడియో మోగినట్టు మా ఇంట్లో అత్త నోరు మోగేది.

మా నాన్న లేవడం దగ్గర మొదలయ్యేది. “పొద్దు నెత్తికెక్కినాది, ఇంకా నెగనేదేటి? నీ నిద్రకి నిప్పెట్ట!” అని పెరట్లోంచి కేక. బళ్ళో పిల్లలు హడిలిపోయే మనిషి, మా నాన్న, ఆ కేకకి దుప్పటి విసిరికొట్టి లేచేవారు. తరవాత పాల అప్పలనాయుడు. “నీ పాలల్లో సేపలీదుతున్నాయిరా, నీ సెంబు సిల్లడ!” అది వింటూనే అతను కొలత మీద ఇంకాస్త వంచేవాడు. తరవాత పిల్లి, తరవాత నీళ్ళ కుళాయి, తరవాత మా అమ్మ. మా అమ్మది ఎలమంచిలి, గట్టిగా తుమ్మడం కూడా తెలియని మనిషి. “కూరలో ఉప్పేసినావా, ఉప్పులో కూరేసినావా? నీ సెయ్యి కాల!” అంటే అమ్మ పైట చెంగుతో మొహం తుడుచుకుని, “చెవులు చిల్లులు పడుతున్నాయే, ఈ ఇంట్లో ఒక్కపూట ప్రశాంతంగా ఉండే రాత లేదు నాకు,” అని నా దగ్గర వాపోయేది. నన్నైతే రోజంతా, “నీ జిమ్మడ, గుంటా,” అనే పిలిచేది, మా వైపు గుంటంటే పిల్ల, అదే నా పేరన్నట్టు. తిట్టడానికి చుట్ట తీసేది, తిట్టాక మళ్ళీ చుట్ట పెట్టుకుని ఆ పొగలోంచే ఇంకేదో గొణిగేది. ఆ గొణుగుడు మాకెవరికీ వినపడేది కాదు. బయటికి అనలేని మరీ ముతక తిట్లు కాబోలు అనుకునేవాళ్ళం.

ఆ నోటికి రోజు మొత్తం మీద దీపాలు పెట్టే వేళ మాత్రమే సెలవు. తథాస్తు దేవతలు ఆకాశంలో తిరిగే వేళ, ఏ మాటన్నా తథాస్తు అనేస్తారని మన ఇళ్ళలో అందరూ అంటారు గానీ మా అత్తలా పాటించినవాళ్ళని నేను చూడలేదు. పొద్దు వాలితే పెదవులు బిగించుకుని పెరటి గుమ్మంలో కూర్చునేది. పిల్లి వచ్చి ఎదురుగా పాలగిన్నెలో మూతి పెట్టినా కళ్ళతో చూడడమే తప్ప మాట లేదు. అమ్మ దీపం పెట్టి, అది నిలదొక్కుకుని, బయట పూర్తిగా చీకటి పడ్డాక, అప్పటిదాకా దాచుకున్నదంతా పిల్లికి ఒక్కసారి ముట్టచెప్పేది.

ఇలాంటి ఇంట్లో కూర్చుని నేను జానపదం ఎక్కడుందా అని ఊరంతా వెతికాను! ముందు లాలిపాటలు అనుకున్నాను. ఎదురింటి సత్యవతమ్మ గారికి మంచి గొంతు. కూతురు మనవణ్ణి తీసుకుని అత్తవారింటికి వెళ్ళిపోయింది, ఉయ్యాల దూలానికి వేలాడుతోంది. “ఖాళీ ఉయ్యాల ఊపకూడదమ్మా, పిల్లాడికి కడుపులో నొప్పొస్తాది,” అన్నారావిడ. ఊపొద్దులెండి, పాట పాడండి చాలన్నాను. ఊపకుండా పాడితే రాదన్నారు. నాట్ల పాటలు అనుకుని రోలుగుంట వైపు మా చుట్టాల పల్లెకి వెళ్ళాను. వేసవిలో నాట్లేమిటి? పొలాలు నెర్రెలిచ్చి ఉన్నాయి. ఆడవాళ్ళంతా అరుగు మీద చింతపండు పిక్కలు తీస్తున్నారు. ఒకామె నా మొహం చూసి జాలిపడి మొదలుపెట్టింది. రెండు ముక్కలు పాడి ఆగిపోయింది. “నడుం వంగితే గానీ పాట రాదమ్మా, వానలు పడ్డాక రా,” అంది. దంపుళ్ళ పాటలు అడుగుదామంటే ఊరి మొదట్లోనే రైసుమిల్లు పెట్టేశారు, రోకళ్ళు అటకెక్కాయి. చచ్చిపోయినవాళ్ళ మీద రాగాలు తీసి ఏడుస్తారే, అవి అడిగితే ఒకావిడ చీపురు తీసింది. కొయ్యూరు కొండల మీదికెళ్ళి అక్కడి పాటలు తెచ్చుకుంటానంటే నాన్న పేపరు దించకుండానే వద్దన్నారు.

ఇవతల ఇంట్లో వాళ్ళ సలహాలు వేరే. నాన్న సామెతలు తీసుకోమన్నారు. ఆయన దగ్గరే అచ్చు పుస్తకం ఉందట, చూసి ఎక్కించుకుంటే ఒక పూటలో అయిపోతుందట. అచ్చయినది వద్దన్నారు నాన్నా అంటే, “మీ మాస్టారికి ఎలా తెలుస్తుంది?” అని అడిగారు, పిల్లలు కాపీ కొడితే చేతివేళ్ళ మీద కొట్టే మనిషి. అమ్మ మంగళహారతులు రాసుకోమంది. అవి పెళ్ళయ్యాక పనికొస్తాయి కూడా అని చేర్చింది. పొడుపు కథలు అడుగుదామని వీధిలో పిల్లల్ని పోగుచేస్తే, వాళ్ళు వాటికి జవాబులు నన్నే చెప్పమని, నేను చెప్పలేకపోతే ఎమ్మే ఎమ్మే అని చప్పట్లు కొట్టారు. సెలవులు సగానికొచ్చాయి. నా కాగితాల మీద ఒక్క ముక్క లేదు. ఏ పాటనడిగినా దాని పని అడుగుతుంది, ఏ మాటనడిగినా దాని వేళ అడుగుతుంది. ఎవరి మీద కోప్పడాలో తెలియక అందరి మీదా కోపం వచ్చేది.

ఆ కోపంతోనే ఒక మధ్యాహ్నం పెరటి గుమ్మంలో కూలబడి ఉన్నాను. అత్త మంచం మీద గుమ్మడి వడియాలు ఎండబెట్టి కాపలా కూర్చుంది. కాకి వచ్చి వాలింది. అత్త చుట్ట తీసింది. “నీ ముక్కిరగ! నీ రెక్కలూడ! ఈ ఊరల్లా ఒగ్గేసి నా వడియాలే దొరికినాయేటే నీకు? నీ గూటికి గాలెట్ట, నీ గుడ్లు కోయిలెత్తుకుపోను, నీ పెళ్ళికి పీనుగ దొరక్కపోను!” అంది. కాకి ఎగిరిపోయింది. నేను మాత్రం లేచి నిలబడ్డాను. ఏ పనీ అడగనిది, ఏ వానా అక్కర్లేనిది, బారసాలా చావూ అవసరం లేనిది, మా ఇంట్లో పొద్దుట్నుంచీ నోట్లో ఆడుతున్నది! మాస్టారు చెప్పిన రకం ఇదే. తిట్లు! నాకు ఎంత సంతోషమేసిందంటే, అత్తని పట్టుకుని, “అత్తా, నీ తిట్లన్నీ రాసుకుంటాను, యూనివర్సిటీకి పట్టుకెళ్తాను, మా మాస్టారు క్లాసులో అందరి ముందూ చదివిస్తారు,” అని ఎగిరాను. అత్త నాకేసి చాలాసేపు చూసింది. “రాత్తావా? కాయితం మీదా?” అంది. అవునన్నాను. “సదివేత్తారా?” అంది. అవునన్నాను. చుట్ట మళ్ళీ నోట్లో పెట్టుకుంది.

ఆ మర్నాడు మా నాన్నకి బడికి వేళ మించిపోయింది. సెలవుల్లో కూడా ఏదో ప్రత్యేక తరగతులు చెప్పేవారు. ఎవరూ లేపలేదు, ఆయన లేవలేదు. లేచాక సైకిలు తాళం కోసం వెతుక్కుంటూ అందరి మీదా విరుచుకుపడ్డారు. అప్పలనాయుడు పాలు పోసి, కాసేపు అలాగే నిలబడి, “పెద్దమ్మగారికి ఒంట్లో బాగోనేదేటండి?” అని అడిగి, కొసరు పోయకుండానే వెళ్ళిపోయాడు. కాకులు గుంపుగా వచ్చి వడియాలు తిన్నాయి. అత్త చూస్తూ కూర్చుంది. పిల్లి వంటింట్లోంచి పడగ్గదిలోకి, పడగ్గదిలోంచి దేవుడి గూటి దాకా రాజమార్గంలా తిరిగింది. అత్త నోరు తెరవలేదు. అన్నం పెడితే తింది, పని చెబితే చేసింది, పిలిస్తే తల ఊపింది. ఒకరోజూ రెండు రోజులూ అలకనుకున్నాం. అలకైతే ఎప్పుడో ఒకప్పుడు విసురైనా ఉంటుంది. అదీ లేదు.

నాన్నకి సంగతి తెలిసి నా మీద ఇంతెత్తున లేచారు. “యూనివర్సిటీకి పట్టుకెళ్ళడానికి మా అప్ప తిట్లే దొరికాయా నీకు? ఇంటి పరువు రైలెక్కిస్తావా?” అన్నారు. పరువు సంగతి సరే, రేపు నన్నెవరు లేపుతారన్నదే ఆయన అసలు బాధ అని నాకు తెలుసు. తిట్టేటప్పుడు వద్దని ఒక్కరోజు అనని మనుషులు, రాస్తానంటే మాత్రం నన్ను దోషిని చేశారు. ఇందులో నా తప్పేముందని ఇప్పటికీ అడుగుతాను. నేను దగ్గర కూర్చుని, “అత్తా, రాయనులే, మామూలుగా తిట్టు,” అని ఎన్నిసార్లు బతిమాలానో. కాగితం, కలం కనపడకుండా దాచి చూపించాను. అత్త నా తల మీద చెయ్యి వేసి తీసేసింది, అంతే. ఆ చెయ్యి నాకు తిట్టు కన్నా ఎక్కువ బాధగా తగిలింది.

అందరికన్నా వింత అమ్మది. ఎన్నో ఏళ్ళుగా ప్రశాంతత, ప్రశాంతత అని ఏడ్చిన మనిషి, తీరా అది వచ్చి ఇంట్లో కూర్చునేసరికి బెంబేలెత్తిపోయింది. కూరలో కావాలని ఉప్పు ఎక్కువ వేసింది. అత్త నీళ్ళు తాగి లేచింది. పాలు పొంగించింది. అత్త వచ్చి పొయ్యి తుడిచింది. ఒక రాత్రి అమ్మ నా పక్కన పడుకుని, “మీ అత్తవాళ్ళ ఊళ్ళో ఏమన్నారో తెలుసా? నోటితోనే మొగుణ్ణి మింగిందని అన్నారు. ఆ మాట అని గెంటేశారు. ఇక్కడికొచ్చాక మీ నాన్న ఒక్కటే చెప్పారట, ఈ ఇంట్లో నీ నోటికి అడ్డం లేదప్పా అని. ఈ ఇంట్లో ఆవిడది అంటూ ఉన్నది ఆ నోరొక్కటే. అది కూడా నువ్వు లాక్కున్నావు,” అంది. ఇన్నేళ్ళూ ఆ నోటి గురించి ఫిర్యాదులు చేసిన మనిషే ఇలా అంటోంది!

ఇలా ఉండగా ఒక సాయంత్రం నేను అప్పలనాయుడి ఇంటి నుంచి వచ్చాను. వాళ్ళావిడ కూడా బాగా తిడుతుందని ఎవరో చెబితే వెళ్ళాను. “కోపం రాకుండా ఎలా తిడతానమ్మా, కూకో, మజ్జిగ తాగు,” అని కూర్చోబెట్టి మర్యాద చేసి పంపింది. ఆ మర్యాదకి ఒళ్ళు మండి, గుమ్మంలోంచే కాగితాలు విసిరేసి, “ఈ ఊళ్ళో తిట్టేవాళ్ళు కూడా కరువయ్యారు!” అని అరిచాను. అమ్మ అప్పుడే దీపం వెలిగించి దేవుడి గూటి ముందు నిలబడి ఉంది. పెరటి గుమ్మంలో అత్త ఎప్పటిలాగే పెదవులు బిగించి కూర్చుని ఉంది. అమ్మకి ఏమనిపించిందో, ఇంట్లో ఎవరో ఒకరు తిడితేనే గానీ ఇల్లు కదలదనుకుందో, నా అరుపుకి నిజంగానే కోపం వచ్చిందో, ఇటు తిరిగి నన్ను తిట్టింది. పుట్టి బుద్ధెరిగాక మా అమ్మ తిట్టగా నేను వినడం అదే మొదలు. ఎంత చేతకాకుండా తిట్టిందో! గొంతు వణుకుతోంది, దీపం వణుకుతోంది. “నీ చదువు తగలెయ్య! పో, ఆ బస్సెక్కి పో! పోయినదానివి మళ్ళీ ఈ గుమ్మం తొక్కకుండా పోను!” అంది.

అత్త నోట్లో చుట్ట కింద పడిపోయింది. ఆ వయసు మనిషి అంత వేగంగా లేవడం నేనెప్పుడూ చూడలేదు. వచ్చి అమ్మ నోరు చేత్తో మూసేసింది. మూసి, తను తలెత్తి, ఇంటి కప్పుకేసి కాదు, కప్పు పైన ఎవరో నిలబడి వింటున్నట్టు అక్కడికేసి చూస్తూ అరిచింది. “అది నా మాట! దానిది కాదు, నా నోటి మాట! నా నోటి మాట నా నెత్తినే పడ! పిల్ల సల్లగుండ!” ఒకసారి అని ఊరుకోలేదు. ఊపిరి అందినంతసేపూ అదే అంది. అమ్మ నోటి మీద చెయ్యి తియ్యలేదు. అమ్మ కళ్ళమ్మట నీళ్ళు కారి ఆ చేతి మీద పడుతున్నాయి. నాకు ఆ మాటలు కొత్తగా అనిపించలేదు. ఎక్కడో విన్నట్టే ఉంది. కాసేపటికి తెలిసింది. మాటలు వినలేదు గానీ, ఆ ఊపు విన్నాను. రోజూ తిట్టాక, చుట్ట పెట్టుకుని, పొగలోంచి మా అత్త గొణిగేది ఇదే.

దీపం నిలదొక్కుకుంది. బయట చీకటి పడింది. అత్త ఒకసారి ఆకాశం చూసుకుని, అమ్మ నోటి మీద చెయ్యి తీసి, ఇంక మొదలుపెట్టింది. “ఏటే నీకేటైనా మతుందా? దీపాలేళా తిట్టడం? తల్లివా, దెయ్యానివా? నీ తిట్టుడు మండ! తిట్టడం రాపోతే నన్నడగొచ్చు గదేటి, నీ సెయ్యి కాల, నీ నోట్లో ఉప్పెట్ట!” వీధి మలుపు దగ్గర నాన్న సైకిలు దిగి ఆ కేకలు విని, లోపలికి రాకుండా అక్కడే కాసేపు నిలబడ్డారట. లోపలికొచ్చి కాళ్ళు కడుక్కుంటూ, “అప్పా, రేపు బేగి లేపు, పొద్దున్నే క్లాసుంది,” అన్నారు మామూలుగా. అమ్మ తిట్లు తింటూ అన్నం వడ్డించింది. ఆ రాత్రి కూరలో ఉప్పు సరిపోయింది.

మర్నాడు పొద్దున్న చింతపండు పిక్కలు తీస్తూ అత్త తనంతట తనే చెప్పింది. నేను అడగలేదు, కాగితం దగ్గర పెట్టుకోలేదు. “ఆ రోజు నానూ అదే మాటన్నాన్రా గుంటా. బండి కట్టుకుని సంతకెల్తన్నాడు మీ మామ. దేనికో తగువొచ్చింది. పోతే పో, మళ్ళీ ఈ గుమ్మం తొక్కకు అన్నాను. దీపాలేళ. జొరమొచ్చి ఆ ఊళ్ళోనే పోనాడు. మరింక తొక్కనేదు.” పిక్క తీసి పడేసింది. “నోరు ఊరుకోదు గదా, అది పుట్టుకతో వచ్చినాది. అందుకే ఏటన్నా ఎనకే ఆ మాటనుకుంటాను. మరి కాయితం మీద రాత్తే? మీ పంతులు సదువుతాడు, ఆడికేటి తెలుసు? ఏ దీపాలేళో సదువుతాడు. నాను పక్కనుంటానా, ఎనక మాట అనడానికి? నీకు తగిలితేనో? మీ అమ్మకి తగిలితేనో?” నవ్వాలనుకున్నాను, ఏడుపొచ్చింది. తన పేరు పాడవుతుందని కాదు, తన మొగుడి సంగతి నలుగురికీ తెలుస్తుందని కాదు. కాగితం మీద తన తిట్టు మాకెవరికైనా తగులుతుందని నోరు కట్టేసుకుంది. నా ఏడుపు చూసి విసుక్కుంది. “ఏడుపేటి? కాకిని తిట్టినవి రాసుకో. పిల్లిని తిట్టినవి రాసుకో. దానికేటవదు, అది ఎన్ని తిన్నా తట్టుకుంటాది. మడిసిని తిట్టినవి మాత్రం రాయకు,” అని తీర్పు చెప్పింది.

అలాగే రాశాను. ఇక్కడ మనుషుల్ని తిట్టినవీ రాశానంటే, ఆఖర్న ఆ వెనక మాట కూడా రాస్తానన్న ధైర్యంతోనే. సెలవులయ్యాక మాస్టారి బల్ల మీద పెట్టాను. ఆయన తిరగేసి, నవ్వి, మళ్ళీ తిరగేసి, “బాగానే ఉన్నాయమ్మా, కానీ అన్నీ కాకుల మీదా పిల్లుల మీదానే! మనుషుల మీద తిట్లేవీ?” అని అడిగారు. “మా ఇంట్లో మనుషుల్ని తిట్టరు సార్,” అన్నాను. క్లాసంతా గొల్లుమంది. మార్కులు అత్తెసరుగా వచ్చాయి. నాన్న మాత్రం ఎందుకో ఇంక చదువు మానిపించే ఊసెత్తలేదు. నేను బస్సెక్కిన ప్రతిసారీ అత్త బస్సు దాకా వచ్చి, “నీ జిమ్మడ, జాగర్త,” అనేది. చుట్ట పెట్టుకుని గొణిగేది. అప్పట్నుంచీ ఆ గొణుగుడు నాకు వినపడేది. ఆ మాటనుకునేటప్పుడు ఆవిడ పెదాల కదలిక బస్సు కిటికీలోంచి కూడా పోల్చుకునేదాన్ని. చాలా ఏళ్ళు బతికింది. నాకు ఉద్యోగం వచ్చాక కూడా బతికింది. వెళ్ళిపోయిన రోజున మా అమ్మ పొద్దున్నే పెరట్లోకెళ్ళి, వడియాలేవీ లేకపోయినా, కాకిని తిట్టింది. అప్పటికీ సరిగ్గా రాలేదు.

ఇప్పుడు మా ఇంట్లో ఎవరూ ఎవర్నీ తిట్టరు. ఫోను చేసినప్పుడు పిల్లలు టేక్ కేర్ అంటారు, పెట్టేస్తారు. వీధిలోవాళ్ళు తగువొస్తే వాట్సాప్ గ్రూపులో మర్యాదగా రెండు చేతులూ జోడించిన బొమ్మ పెట్టి, దాని కింద నిండా విషం కక్కుతారు. ఆ మాటకి ముందూ వెనకా ఏమీ ఉండదు. తగిలినవాళ్ళకి తగులుతుంది. దీపాల వేళ అన్నది ఎవరికీ గుర్తే లేదు, అప్పుడే టీవీలో అరుపులు మొదలవుతాయి. పాతకాలమే గొప్పదని నేననను. అత్త నోరు పడ్డవాళ్ళకి తెలుసు అదెంత నరకమో, మా అమ్మనడిగితే చెప్పేది. కానీ అంత తిట్టి, ఆ ప్రతి తిట్టూ తన నెత్తినే వేసుకున్న మనిషి ఒకరు ఇంట్లో తిరిగితే ఎలా ఉంటుందో నాకు తెలుసు. తెలిసి, అలాంటి మనిషి లేని ఇంట్లో ఉండడం నాకు చిరాకుగా ఉంటుంది.

ఇదంతా చెప్పి తలెత్తేసరికి పొద్దు వాలిపోయింది. మౌనిక ఫోను బల్ల మీద పెట్టి ఉంది. అదంతా రికార్డు అవుతోందని అప్పుడు తెలిసింది. “సూపర్ మేడమ్! తిట్లే తీసుకుంటాను. మీ మేనత్తగారిలా ఒకసారి తిట్టి చూపించండి మేడమ్, మనిషిని తిట్టినట్టు. ఫోన్లో పడితే చాలు,” అంది. దీపాల వేళ, ఇప్పుడు కాదు, రేపు పొద్దున్న రా అన్నాను. రేపు కుదరదంది. ఒకే ఒక్కటంది. ప్లీజ్ మేడమ్ అంది. నేను లోపలికెళ్ళి దీపం పెట్టి వచ్చేసరికి కూడా అక్కడే, అలాగే, ఫోను నా మొహానికి పట్టి నిలబడి ఉంది. నా ఓపిక అయిపోయింది. “నీ జిమ్మడ, గుంటా! సెప్తే ఇనవేటే? బేగి పో ఇంటికి!” అని అరిచాను. నా గొంతు కాదది. మౌనిక కిలకిలా నవ్వుతూ గేటు దాకా పరిగెత్తింది. నా పెదాలు వాటంతట అవే కదిలాయి. గేటు దగ్గర పిల్ల ఆగింది. “మేడమ్, ఆఖర్న ఏదో గొణిగారు, అది పడలేదు. మళ్ళీ అనరా?” అంది. మళ్ళీ రమ్మని సైగ చేశాను. వచ్చింది. ఫోను నా నోటి దగ్గర పెట్టమన్నాను, పెట్టింది. పైన ఆకాశంలోకి చూసి, ఫోనుకీ పైనున్నవాళ్ళకీ కూడా వినపడేలా గట్టిగా అన్నాను.

“నా నోటి మాట నా నెత్తినే పడ. పిల్ల సల్లగుండ.”